దాతకు ధన్యవాదం చెప్పేటప్పుడు రోగి ఎక్కడుండాలి: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

మా తప్పు అక్కడే జరిగింది కాబట్టి ముక్కనుమ నాటి దాతల సభతోనే మొదలుపెడతాను.

మాది కోనసీమలో పనిచేసే చిన్న సంస్థ. పదిహేను రోజులకోసారి కొన్ని ఊళ్లలో మానసిక వైద్య శిబిరం పెడతాం. కాకినాడ నుంచి డాక్టర్‌గారు వస్తారు. మిగతా రోజుల్లో మా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి మందులు వేసుకుంటున్నారో లేదో చూస్తారు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్లకు, పింఛన్లకు, రేషన్ కార్డులకు కాగితాలు రాసిపెడతారు. ఇంట్లో గొడవలుంటే అరుగు మీద కూర్చుని వింటారు. నేను పదేళ్లు అలా ఇళ్లకు తిరిగి, తర్వాత దాతల వ్యవహారం చూసే పనిలోకి వచ్చాను. సంస్థ నడిచేదంతా చందాల మీదే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి అందరూ ఊళ్లకు చేరతారు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం అయిపోయాక, మర్నాడు ముక్కనుమకు దాతల సన్మానం పెట్టుకోవడం మాకు చాలాకాలంగా అలవాటు. కొబ్బరాకుల పందిరి, మైకు, శాలువాలు, జ్ఞాపికలు, వేదిక వెనక దాతల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ, మధ్యాహ్నం భోజనాలు. ఒక ఏడాది దీనికి ఇంకొకటి కలిపాం. మా దగ్గర వైద్యం తీసుకుని కోలుకున్న ఒకాయన్ని వేదిక మీదకు పిలిచి నాలుగు మాటలు మాట్లాడించాం.

ఆయన వయసు, ఊరు, చేసే పని ఇక్కడ రాయడం లేదు. ఈ భాగం రాశాక ఆయనకు చదివి వినిపించాను. రెండు చోట్ల మార్చమన్నాడు, మార్చాను.

ఆ రోజు మైకు పట్టుకుని, "అందరికీ దణ్ణాలండి. మీ దయ వల్ల బాగున్నానండి" అన్నాడు. అంతే. పందిరంతా చప్పట్లు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం వచ్చినన్ని చందాలు అంతకు ముందు ఏ సభలోనూ రాలేదు. మేం చాలా సంతోషపడ్డాం.

తర్వాతి నెల ఇంజెక్షన్ రోజున ఆయన రాలేదు. వారం చూసి మా కార్యకర్త ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. "మా వాడు ఇంక రాడమ్మా. మీరు కూడా మా ఇంటికి రాకండి. మీ బండి గుమ్మం ముందు ఆగితే ఊరంతా చూస్తన్నారు" అంది. సభలో ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి, ఆయన చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్ల ఇంటికి చేరింది. పెళ్లిచూపులు అయిపోయి, కట్నకానుకల మాటలు కూడా అయిపోయిన సంబంధం. వాళ్లు వెనక్కి తగ్గారు. అందరూ తననే అంటున్నారని ఆయన ముందు మందులు మానేశాడు, తర్వాత నిద్ర మానేశాడు. నాలుగు నెలలకు పాత జబ్బు పూర్తిగా తిరగబెట్టింది.

మేం ఆయన్ని బలవంతపెట్టలేదు. అడిగాం, సరేనన్నాడు. కానీ ఉచితంగా మందులిచ్చేవాళ్లు వచ్చి అడిగితే కాదనడం ఎవరికి సాధ్యం? ఈ ప్రశ్న సభకు ముందు మాలో ఒక్కరం కూడా వేసుకోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి తన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. అనుమతి లేకుండా ఫొటోలు, వివరాలు మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెప్పింది. ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న సమాచారానికి కూడా ఇదే వర్తిస్తుందని అందులోనే ఉంది. చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మా ఆఫీసు బీరువాలో దాని ప్రతి ఉంది. కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ సెక్షన్లు నేనే చదివి చెప్పేదాన్ని. అయినా దాతల సభ దగ్గరకొచ్చేసరికి అది వేరే లోకమన్నట్టు ప్రవర్తించాం.

ఒకే ఊరిలో ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు

ఇక్కడ పనిచేసేవాళ్లకు తప్ప బయటివాళ్లకు వెంటనే అర్థం కాని సంగతి ఒకటుంది. పట్నంలో దాత ఒకచోట ఉంటాడు, సాయం అందుకున్నవాళ్లు ఇంకోచోట ఉంటారు. ఎదురుపడరు. మా దగ్గర అలా కాదు. వెయ్యి రూపాయలు రాసిన రైతు కొబ్బరితోటలోనే మా దగ్గర మందులు తీసుకునే మనిషి తండ్రి దింపు తీస్తాడు. శిబిరానికి బెంచీలు కొనిచ్చిన రొయ్యల రైతు చెరువు దగ్గరే మా ఇంకో రోగి అన్న రాత్రి కాపలా ఉంటాడు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి, ఆయన కొట్లో కాయ ఒలిచే ఆవిడ, ఇద్దరూ మా రిజిస్టర్లలో ఉన్నారు, వేర్వేరు రిజిస్టర్లలో. వేదిక మీద ఒకరికి శాలువా కప్పి, కింద ఇంకొకరిని నిలబెట్టి దణ్ణం పెట్టిస్తే ఆ సంబంధం మర్నాటి నుంచి ఎలా ఉంటుందో ఆలోచించండి. కూలీ పెంచమని అడగడానికి ఆ మనిషికి నోరు రాదు.

ఆ వేసవి అంతా మా కమిటీలో దీని మీదే చర్చ. సభ పూర్తిగా ఎత్తేద్దామని కొందరన్నారు. దాతలు జారిపోతారని ఇంకొందరు భయపడ్డారు. మాతో మొదటి నుంచీ ఉన్న ఒక పెద్దావిడ అప్పుడు డొక్కా సీతమ్మగారి మాట తెచ్చారు. లంకల గన్నవరంలో దారిన పోయే ఆకలిగొన్నవాళ్లందరికీ అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి పేరు మా ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా ఆవిడ ఫొటో కావాలంటే, తీయించుకోవడానికి ఆవిడ ఇష్టపడలేదనీ, తీసుకురాకపోతే అధికారి ఉద్యోగానికి ఇబ్బందని చెబితేనే ఒప్పుకున్నారనీ ఇక్కడ చెప్పుకుంటారు. "పెట్టినావిడే ఫొటో వద్దంది. తిన్నవాళ్ల ఫొటోలు మనమెందుకు తీస్తున్నాం?" అన్నారు పెద్దావిడ. ఆ రోజు సమావేశం అక్కడితో ఆగిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత సభ ఆపేశాం.

ఫ్యాను రెక్క మీది పేరు

నాకు మొదట్లో దాతల మీద కోపం వచ్చింది. పేరు కోసం ఇస్తున్నారు, చప్పట్ల కోసం ఇస్తున్నారు అనుకున్నాను. అది అన్యాయమని తర్వాత తెలుసుకున్నాను. మా ఊళ్లలో ఏ గుడిలో ఫ్యానైనా తలెత్తి చూడండి, ప్రతి రెక్క మీదా ఒక పేరుంటుంది. స్మశానంలో సిమెంటు బల్ల మీద, బస్టాపులో బెంచీ మీద, బడిలో బీరువా తలుపు మీద కూడా ఉంటుంది. కానీ ఆ పేర్లు దగ్గరగా చదివితే సగం చోట్ల కింద "జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది. పోయిన తల్లి పేరు, తండ్రి పేరు, చిన్నతనంలో పోయిన కొడుకు పేరు. ఇచ్చినవాళ్లు అడిగేది తమ పేరు చూడమని కాదు, తమ మనిషిని మరిచిపోవద్దని.

అది అర్థమయ్యాక మా దాతల రిజిస్టరులో ఒక గడి కలిపాను: "ఎవరి జ్ఞాపకార్థం". దాని పక్కన తేదీ. ఆ తేదీ, అంటే ఆబ్దికమో వర్ధంతో, రెండు రోజుల్లో ఉందనగా ఫోన్ చేసి, "అమ్మగారి పేరు మీద మీరిచ్చింది ఇదిగో ఈ పనికి వాడాం" అని చెప్పడం మొదలుపెట్టాం. డబ్బు అడగం. ఆ ఫోన్‌లో డబ్బు మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం. ఫోన్ చేసే కార్యకర్తలు మొదట ఇబ్బంది పడ్డారు, మాట ఎక్కడ ముగించాలో తెలియక. తర్వాత అలవాటైంది.

ఫోన్లలో బయటపడిన సంగతి

ఈ కేసులో నేను అన్నిటికంటే ముందు చెప్పాలనుకునే విషయం ఈ ఫోన్లలోనే దొరికింది.

మాకు ఏళ్ల తరబడి నెలకు 500 రూపాయలు పంపే ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. పెద్ద మొత్తాలిచ్చేవాళ్లకే శాలువా కప్పేవాళ్లం కాబట్టి ఆయన్ని ఏనాడూ సభకు పిలవలేదు. మొదటిసారి ఫోన్ చేసి నేనెవరో చెప్పగానే, "ఆయ్, చెప్పమ్మా. ఈ నెల పంపలేదా నేను?" అని కంగారుపడ్డారు. పంపారండీ, ధన్యవాదాలు చెబుదామనే చేశాను అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ్ముడి గురించి చెప్పారు. ఆయన అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

తమ్ముడికి చదువుకునే రోజుల్లో జబ్బు మొదలైంది. అప్పట్లో వైద్యమంటే విశాఖపట్నం చినవాల్తేరు ఆసుపత్రి. రెండుసార్లు తీసుకెళ్లారు, మందులు వాడినన్నాళ్లు బాగున్నాడు, తర్వాత అయిపోయాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు పడుకున్నట్టు పడిపోయాయి, వెయ్యిమందికి పైగా పోయారు. ఆ రాత్రి గాలిహోరులో తమ్ముడు తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. మళ్లీ కనపడలేదు. దొరికిన శవాల్లో లేడు. "మా ఇంట్లో ఒకడున్నాడని మా కోడలికి కూడా తెలియదమ్మా. మీ రసీదు కవరు మీద సంస్థ పేరుంటుంది కదా, పోస్టుమ్యాన్ దగ్గర నేనే ఎదురెళ్లి తీసుకుంటాను" అన్నారు.

నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. గోప్యత అంటే రోగికి మాత్రమే సంబంధించిందని అప్పటిదాకా నా లెక్క. మానసిక ఆరోగ్య సంస్థకు చందా ఇచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో అలాంటి మనిషి ఉంటాడు, లేదా ఉండి పోయి ఉంటాడు. గుడికి ఇస్తే ఎందుకిచ్చావని ఎవరూ అడగరు. మాకిస్తే, "వాళ్లింట్లో ఎవరికో ఉంది కాబట్టే ఇచ్చారు" అంటారు. తర్వాతి ఫోన్లలో ఈ మాట నాకు వేర్వేరు గొంతుల్లో వినిపించింది. ఫ్లెక్సీ మీద పేరు పడ్డాక ఒకావిడ అత్తగారి ఇంట్లో మాటలు పడింది. ఇంకొకాయన సభకు వస్తానని చెప్పి రాకపోవడానికి కారణం అదే. మేమేమో ఆయనకు కోపమొచ్చిందేమో అనుకున్నాం.

దాంతో కొన్ని పనులు వెంటనే చేశాం. కవర్ల మీద సంస్థ పేరు తీసేసి, చిరునామా మాత్రం ఉంచాం. దాతలందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఒకరి నంబర్లు ఒకరికి కనిపించేలా నడిపేవాళ్లం. ఆ గ్రూపు మూసేసి, విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ పద్ధతికి మారాం. పేరు ఎక్కడైనా వేయాలంటే ముందు అడగడం మొదలుపెట్టాం. అడిగినవాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. రసీదు కింద ఒక వరుస అచ్చు వేయించాం: మనసుకు కష్టంగా ఉన్నప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన సేవ అది. రసీదు మీద ఎందుకని మా అకౌంటెంటు అడిగారు. రసీదు అందుకున్న ఇంట్లో దాని అవసరం ఉన్నవాళ్లు ఉండొచ్చు కాబట్టి అన్నాను.

ఉత్తరం

రోగి కథ లేకుండా, ఫొటో లేకుండా దాతకు ఏం రాయాలి? ఇది తేలడానికి చాలాకాలం పట్టింది. మొదటి చిత్తు ప్రతులు ప్రభుత్వ నివేదికల్లా వచ్చాయి. చివరికి మా కార్యకర్తల డైరీల్లోంచి రాయడం మొదలుపెట్టాం. మాస్టారికి వెళ్లిన ఒక ఉత్తరం ఇలా ఉంది:

"నమస్కారం మాస్టారూ. మీరు నెలనెలా పంపిన 500 అందాయి. ఈ మూడు నెలల్లో సదరం శిబిరానికి కొందరిని తీసుకెళ్లాం. ఒక మనిషికి తోడు వెళ్లాలంటే తెల్లవారుజామున ఆటో, తర్వాత రేవు దాటడానికి పంటు, తర్వాత బస్సు. డాక్టర్‌గారి ముందు వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మీ డబ్బు ఈ ఛార్జీలకూ, అక్కడి భోజనాలకూ సరిపోయింది. కొందరికి సర్టిఫికెట్ వచ్చింది. కొందరికి రాలేదు, పాత చీటీలు పోగొట్టుకోవడం వల్ల. ఆ చీటీల కోసం ఆసుపత్రి రికార్డుల గదికి మళ్లీ వెళ్తున్నాం."

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్యం నలభై శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే పింఛనుకు అర్హత. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. అంటే దాత ఇచ్చిన కొన్ని వందల ఛార్జీ డబ్బు ఒక ఇంటికి నెలనెలా ఆరు వేలు తెచ్చిపెడుతుంది. ఈ లెక్క ఉత్తరంలో చూపించాక, బస్సు ఛార్జీలకు కూడా చందాలా అని విసుక్కునేవాళ్లు తగ్గారు. అంతకు ముందు అందరూ మందులకే ఇస్తామనేవాళ్లు.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకుంటాం. ఊరి పేరు, ఆడో మగో, జబ్బు, ఈ మూడూ ఒకే వాక్యంలో రానివ్వం. గోదావరి మధ్య లంక గ్రామంలో ముప్పై గడపలుంటే, "ఆ ఊళ్లో ఒక మహిళ" అన్నా చాలు, ఎవరో తెలిసిపోతుంది. అందుకే నెల నెలా కాకుండా మూడు నెలల పని కలిపి, మండలాల స్థాయిలో రాస్తాం.

సర్టిఫికెట్ రాలేదని రాయొద్దని కమిటీలో ఒకరన్నారు. నేను ఉంచాను. జవాబులు ఎక్కువగా ఆ వాక్యానికే వచ్చాయి. ఒకాయన ఆసుపత్రిలో తనకు తెలిసిన గుమాస్తా ఉన్నాడని, పాత రికార్డు వెతికిస్తానని ఫోన్ చేశారు. విజయాలు మాత్రమే రాసిన ఏడాదుల్లో అలాంటి ఫోన్ ఒక్కటీ రాలేదు.

కువైట్‌లో ఇంటిపని చేసే ఒకావిడ తన జీతంలోంచి సంక్రాంతికీ, దసరాకీ పంపుతుంది. ఆవిడకు చదవడం అంతగా రాదు. అందుకని ఆవిడకు సెలవుండే శుక్రవారం, ఇదే ఉత్తరం మా కార్యకర్త తన గొంతుతో చదివి వాట్సాప్‌లో పంపుతుంది. మొదటిసారి విన్నాక ఆవిడ తిరిగి పంపిన మెసేజ్‌లో మాటలు లేవు. ఏడుపు వినిపించింది, చివర "ఉంటానక్కా" అంది.

రసీదు

కృతజ్ఞతలో భాగమని ఎవరూ అనుకోని పని ఇది. మా దగ్గర రసీదులు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రావాలంటే ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి సంస్థ మే 31లోగా దాతల వివరాలు పన్ను శాఖకు దాఖలు చేసి, ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఇవ్వాలి. పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడితే దాత తన రిటర్నులో ఆ మినహాయింపు చూపించుకోలేడు. మొదటి ఏడాది మాకు అలాంటి తప్పులు చాలా జరిగాయి. శాలువా కప్పించుకుని, సర్టిఫికెట్ కోసం మూడుసార్లు ఆఫీసుకు తిరిగిన దాతలున్నారు. ఇప్పుడు డబ్బు అందిన మూడు రోజుల్లో రసీదు వెళ్తుంది, ఏప్రిల్‌లోనే ఫోన్ చేసి పాన్ సరిచూసుకుంటాం.

వద్దని చెప్పడం ఇంకా కష్టం. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక అబ్బాయి, మా పాత దాత కొడుకే, పెద్ద మొత్తం పంపుతానన్నాడు. మాకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేదు. భారత పౌరులు విదేశంలో సంపాదించుకున్న సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కింద రాదు, కువైట్ ఆవిడ డబ్బు అందుకే తీసుకోగలం. పౌరసత్వం మారినవాళ్లది, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. "నాన్న ఖాతాలో వేస్తాను, ఆయన పేరు మీద ఇచ్చేయండి" అన్నాడు. అదీ కుదరదని చెప్పాను. నొచ్చుకున్నాడు. రెండు వారాలు ఆగి మళ్లీ ఫోన్ చేసి, ఆ నియమం ఎందుకుందో, వద్దనడం మాకెంత కష్టమైందో వివరంగా చెప్పాను. ఇప్పుడు తను ఆదివారాలు మా దాతల పట్టిక కంప్యూటర్‌లో సరిచేసిపెడతాడు. పాన్ తప్పులు తగ్గడానికి సగం కారణం తనే.

చూపించమన్నవాళ్లు

సభ ఆపేశాక అందరూ మాతో ఉన్నారని చెప్పను. కొందరు మానేశారు. ఎవరూ గొడవ పెట్టుకోలేదు, మరుసటి ఏడాది ఫోన్ ఎత్తలేదంతే. ఆ ఏడాది మందుల కొనుగోలుకు చాలా ఇబ్బంది పడ్డాం. అదీ ఈ కేసులో భాగమే.

ఒక రొయ్యల రైతు మాత్రం నేరుగా వచ్చి అడిగారు. "చూడండి మేడంగారూ, నేను శాలువా అడగట్లేదు. నేనిచ్చిన లక్ష ఎవరికి వెళ్లిందో ఒక్కసారి చూపించండి. ఒక్క మనిషిని. చూడకపోతే నాకెలా తెలుస్తుందండీ?"

న్యాయమైన ప్రశ్న. మనిషిని చూపించలేనన్నాను. శిబిరం ముందురోజు ఆఫీసుకు రమ్మన్నాను, రోగులెవరూ ఉండని రోజు. వచ్చారు. మందుల పెట్టెలు ఆయన ముందే విప్పి, స్టాకు పుస్తకం, బిల్లులు బల్ల మీద పెట్టాం. రిస్పెరిడోన్, ఓలాంజపైన్, లిథియం, ఏది దేనికో మా ఫార్మసిస్టు చెబుతుంటే స్ట్రిప్పులు లెక్కపెడుతూ కూర్చున్నారు. గంటయ్యాక బిల్లు ఒకటి తీసి, "ఇది రిటైలు ధరండి. మీరేంటి, షాపులో కొన్నట్టు కొంటున్నారు? మేం రొయ్యల మేత ఇలా కొంటే ఏడాదిలో చెరువు ఎండగట్టుకోవాలి" అన్నారు. వారంలో హోల్‌సేల్ డీలర్ దగ్గరకు ఆయనే తీసుకెళ్లారు. మూడు నెలల సరుకు ఒకేసారి ఆర్డరు పెట్టించి, బేరం ఆడారు. మందుల ఖర్చు బాగా తగ్గింది.

మనిషిని చూడాలన్న కోరిక వెనక, తన డబ్బు పనిచేసిందా అన్న ఆదుర్దా ఉంది. దానికి జవాబు బిల్లుల్లో, స్టాకు పుస్తకంలో దొరుకుతుందని నేనూ అప్పుడే నేర్చుకున్నాను. ఇప్పుడు కావాలన్న దాతలందరికీ శిబిరం ముందురోజు తలుపు తెరిచే ఉంటుంది. కొందరు వచ్చి మందుల కవర్లు కట్టడంలో చేయి వేస్తారు. కవర్ల మీద పేర్లుండవు, నంబర్లే.

దాతల జాబితాలో లేనివాళ్లు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలన్నీ మునిగాయి. బియ్యం, నీళ్లు, పాలపొట్లాలు ఇచ్చినవాళ్లకు ఆ వారమే ధన్యవాదాలు చెప్పాం. మందులు ఆగిపోతే ప్రాణం మీదకొచ్చే మనుషులు ఆ లంకల్లో ఉన్నారు. వాళ్ల మందులు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఏ ఇంటి డాబా మీద ఎవరున్నారో అడిగి అడిగి ఇచ్చొచ్చింది ఇద్దరు పడవవాళ్లు. డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు. రెండేళ్ల తర్వాత దాతల జాబితా సరిచేస్తుంటే వాళ్ల పేర్లు అందులో లేవని చూశాను. రసీదు రాసిన డబ్బు కాదు కాబట్టి ఎవరికీ తోచలేదు. శిబిరానికి తన వసారా ఇచ్చే ఆవిడ పేరు లేదు. ఎవరింట్లో మందులు అయిపోయాయో మాకు చెప్పే ఆశా కార్యకర్త పేరూ లేదు.

రేవు దగ్గరకు వెళ్లి ఇద్దరినీ కలిశాను. ఒకాయనకు ఆ సంగతి గుర్తుకూడా లేదు. రెండో ఆయన, "ఆళ్లందరూ బాగున్నారాండి?" అని మాత్రం అడిగాడు. పేర్లు చెప్పకుండా, మందులు ఆగినవాళ్లు ఎవరూ లేరని చెప్పాను. ఆ ముక్కనుమకు వాళ్లిద్దరినీ, వసారా ఆవిడనూ మా ఆఫీసులో భోజనానికి పిలిచాం. మైకు లేదు. పులిహోర, పనసపొట్టు కూర, ఆత్రేయపురం పూతరేకులు.

ఇప్పుడు

వేదిక ఎక్కిన ఆయన కోసం మా కార్యకర్త ఇంటికి వెళ్లడం మానేసింది. ఆశా కార్యకర్త ద్వారా వాళ్లమ్మకు కబురు పెడుతూ వచ్చింది. నేను ఒకసారి వెళ్లి, వాళ్లమ్మను బయట కలిసి క్షమించమని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు. కొన్ని వారాల తర్వాత, తమను ఎవరూ ఎరగని ఊళ్లో శిబిరానికైతే వస్తామన్నారు. ఆ బస్సు ఛార్జీలు ఇస్తున్నాం. ఆయన ఇప్పుడు పనికి వెళ్తున్నాడు. చెల్లెలికి తర్వాతి ఏడాది వేరే సంబంధం కుదిరింది. దానివల్ల మేం చేసింది తగ్గదు.

మాస్టారికి ఈ మధ్య ఫోన్ చేసినప్పుడు రిజిస్టరులో కొత్త గడి గురించి చెప్పి, తమ్ముడి పేరు రాయమంటారా అని అడిగాను.

"జ్ఞాపకార్థం అంటే పోయినవాళ్లకు కదమ్మా రాస్తారు" అన్నారు.

ఆ గడి శీర్షిక కొట్టేసి "ఎవరి కోసం" అని మార్చాం. తేదీ ఏది వేయమంటారని అడిగితే నవంబరు 6 వద్దన్నారు. తమ్ముడి పుట్టినరోజు చెప్పారు. శ్రావణమాసంలో వస్తుంది.